అలివి వల ఒడ్డున టేక్ పాఠం

టేక్ అనే ఇంగ్లీషు మాట ఎక్కడ వినబడినా నా చేతులు ఇప్పటికీ తాడు కోసం వెతుక్కుంటాయి. నవ్వకండి. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు చిన్న టీచర్లు మా ఇంటికొచ్చి, టీ తాగి, "మేడమ్, టేక్ ఒక్కటే, దాని పక్కన చేరే మాటలు మాత్రం సవాలక్ష. టేక్ రెస్ట్, టేక్ కేర్, టేక్ ఎ ఫోటో, టేక్ పార్ట్. పిల్లలకి ఇవన్నీ ఎలా ఎక్కించడం?" అని అడిగారు. "బట్టీ పట్టించకండి" అని మాత్రం చెప్పి పంపేశాను. వాళ్ళ మొహాలు చూస్తే ముసలావిడ తప్పించుకుందని అనుకున్నట్టే ఉంది. తప్పించుకోలేదు. జవాబు పొడుగు, టీ కప్పు చిన్నది, అంతే. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు రంగత్. అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి అక్కడికి వెళ్ళడానికి రోడ్డును నమ్ముకున్నవాళ్ళు తక్కువ, బోటు ఎక్కాల్సిందే. అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను చేసిందల్లా బట్టీ పట్టించడమే. నల్లబల్ల మీద ఎడమపక్క టేక్ అని రాసి, కుడిపక్క మిగతా మాటలన్నీ వరసగా రాసి, బెత్తంతో ఒక్కొక్కటీ కొట్టి చూపించేదాన్ని. పిల్లలు గొంతు చించుకుని అప్పజెప్పేవారు. తనిఖీకి వచ్చిన పెద్దలు మెచ్చుకునేవారు. ఆ పిల్లలే ఇంటర్వెల్లో నా దగ్గరికొచ్చి, పక్కవాడు మాత్ర మింగాడని చెప్పడానికి "మేడమ్, హీ ఈట్ టాబ్లెట్" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. మండితే ఏం లాభం, మర్నాడు మళ్ళీ అదే బెత్తం, అదే వరస.

తర్వాత పోర్ట్ బ్లెయిర్‌కి బదిలీ అయింది. డిగ్నాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. మా నాన్న స్వరాజ్యం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు ఒడ్డు నుంచి వలనీ పెళ్ళాన్నీ వెంటబెట్టుకుని ఈ దీవులకొచ్చిన మనిషి. నేను ఇక్కడే పుట్టాను. మా సందులో మావాళ్ళతో పాటు బెంగాలీలు, తమిళులు, రాంచీ నుంచి వచ్చినవాళ్ళు కలగలిసి ఉండేవారు. వాళ్ళందరిలో ఇంగ్లీషు చెప్పుకుని బతికేదాన్ని నేనొక్కదాన్నే కావడంతో ఎవరికి ఏ అవసరమొచ్చినా నా గుమ్మంలోకే వచ్చేవారు.

ఒక సాయంత్రం ఏడుగురు మగవాళ్ళు వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. వాళ్ళ ముందు నెత్తిన చేపల గంపతో ఒకావిడ నిలబడి ఉంది. రోజూ మా సందులో చేపలమ్మే మనిషే. నేను వదినా అని పిలిచేదాన్ని.

"ఈలకి ఇంగిలీసు నేర్పాల టీచరమ్మా" అంది గంప దించకుండానే. "ఊఁ అన్నీదాకా నాను కదల్ను."

"ఇంగ్లీషుతో ఏం పని పడింది వదినా?"

"బోటాఫీసోల్లు పరీచ్చ ఎడతారంట. పాసైనోల్లు బోటు మీద పక్కా నౌకరీ. ఫెయిలైనోల్లు ఒడ్డు మీద గోడౌన్లో మూటలు మొయ్యాల. మా ఆయన్ని నువ్వెప్పుడైనా ఒడ్డు మీద సూసినావా? ఒక పూట నేల మీదుంటే నాతో దెబ్బలాట. జిందగీ అంతా నేల మీదే ఉంటే మరి నాను బతకను."

వాళ్ళాయన ఆ ఏడుగురిలో పెద్ద. అందరూ పెద్దన్న అనేవారు, నేనూ అలాగే అన్నాను. నల్లగా, ఎండిన దుంగలా ఉండేవాడు. దీవి దీవికీ తిరిగే బోట్ల మీద వీళ్ళంతా ఏళ్ళ తరబడి టెంపరరీ కళాసీలు. తాళ్ళు కట్టడం, లోతు చూడడం, అవసరమైతే చుక్కాని పట్టడం, అన్నీ చేసేవారు. ఇప్పుడు కొత్త బోట్లు వచ్చాయి, వాటి మీదికి దేశం నలుమూలల నుంచి ఆఫీసర్లు వచ్చారు. ఇంజను మోతలో ఒక్క కేకకి అందరికీ అర్థం కావాలంటే ఆర్డర్లు ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. ఆఫీసరు హిందీలో పని చెప్తాడు, దానికి సరైన ఆర్డరు ఇంగ్లీషులో నోటితో చెప్పాలి. ఇదే పరీక్ష. తప్పినవాళ్ళకి మరుసటేడు ఇంకో అవకాశం ఉంది, పెద్దన్నకి లేదు. అప్పటికి అతనికి వయసు దాటిపోతుంది.

"నేర్పుతాను" అన్నాను. అన్నాక గానీ వదిన గంప దించలేదు.

మొదటి వారం నా రంగత్ విద్యంతా ప్రదర్శించాను. టేక్ అంటే తీసుకొనుట అని బల్ల మీద రాశాను. ఆర్డర్లలో సగం పైగా టేక్‌తోనే ఉన్నాయి. చుక్కాని పట్టుకోమనడానికి టేక్ ద వీల్. లోతు చూడమనడానికి టేక్ సౌండింగ్స్. గాలివాన ముంచుకొస్తే ఏదైనా దీవి చాటుకి చేరమనడానికి టేక్ షెల్టర్. డ్యూటీ ఎక్కమనడానికి టేక్ ఓవర్ ద వాచ్. బోటు మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమనడానికి టేక్ ద కౌంట్.

పెద్దన్న బల్ల దగ్గరికి జరిగాడు.

"సెల్టరు తీసుకోడమేటి టీచరమ్మా? గాలొస్తే మనం దీవి దాపుకెలతాం. తీసుకోడానికి ఇచ్చీదెవులు?"

"అది ఇంగ్లీషు పద్ధతి పెద్దన్నా."

"పోనీ లోతు తీసుకుంటాం. తీసుకుని ఎక్కడెడతాం?"

మిగతా ఆరుగురూ ఘొల్లుమన్నారు. నాకు కోపం వచ్చింది, కానీ అతను వేళాకోళం ఆడడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అర్థం చూసుకుని మాట కట్టుకుందామంటే వాళ్ళ నోట వచ్చేవి ఇవీ: చుక్కాని పట్టుకోవాలి కాబట్టి క్యాచ్ వీల్. లోతు చూడాలి కాబట్టి సీ డెప్త్. డ్యూటీ ఎక్కాలి కాబట్టి క్లైంబ్ డ్యూటీ. ఆ క్లైంబ్ డ్యూటీ అన్నవాడు కొత్తగా పెళ్ళైన కుర్రాడు. దాన్ని అతను ఎంత ధీమాగా చెప్పాడంటే, ఇంగ్లీషువాళ్ళదే పొరపాటేమో అని నాకే ఒక క్షణం అనిపించింది.

మా పక్క గదిలో మా స్కూల్లోనే హిందీ చెప్పే బెంగాలీ ఆవిడ ఉండేది. దీదీ అనేదాన్ని. పాఠం వేళకి అల్లిక పని పట్టుకొచ్చి గుమ్మంలో కూర్చునేది. "నీ మొహం చూస్తుంటే పరీక్ష వాళ్ళకి కాదు, నీకే అన్నట్టుంది" అంది హిందీలో. ఆవిడ మాట తప్పు కాదు. ఆ ఏడుగురూ ఫెయిలైతే మూటలు మోసేది వాళ్ళే అయినా, వదిన నాతో చేపల మాట తప్ప ఇంకే మాటా ఆడదని నాకు తెలుసు.

దారి చూపించింది కూడా వదినే. మొగుడి పాఠం చూడ్డానికి రోజూ వచ్చేది. ఒకరోజు ఆలస్యంగా వచ్చి, ఆయాసపడుతూ, "ఏటి సెయ్యమంతావ్, వాకిట్లో ముగ్గేసి, కోడికి గింజలేసి, పిల్లకి జడేసి, తలుపుకి తాళమేసి వొచ్చీసరికి ఈ ఏల అయింది" అంది.

నేను సుద్దముక్క కింద పెట్టేశాను.

"వదినా, ముగ్గు వెయ్యడమంటే ఏం చేశావు?"

"ఏసినాను."

"కింద పడేశావా?"

"పడెయ్యడమేటి, నీకేటైనా అయిందా? ముగ్గు ఏస్తారు."

"మరి తాళం?"

"తాళమూ ఏస్తారు."

"జడ?"

"జడా ఏస్తారు!" ఈసారి ఆమెకి కోపం వచ్చింది.

వల వేస్తారు, లంగరు వేస్తారు, కేక వేస్తారు, ఓటు వేస్తారు, పందెం వేస్తారు. ఎసరు మాత్రం వెయ్యరు, పెడతారు. ఎందుకని అడిగితే వాళ్ళకే కాదు, నాకూ తెలియదు. ఏ మాట పక్కన ఏ మాట నిలబడాలో మనకి ఎవరూ అర్థం చెప్పి నేర్పలేదు. అమ్మ అంటుంటే విన్నాం, మనమూ అన్నాం, నోటికి అలవాటైంది. సంసారాల్లాగే, ఎవరికి ఎవరు కుదిరారో కుదిరారు, కారణాలు అడిగేవాడికి పని లేదు. అర్థం చెప్పి టేక్ నేర్పాలనుకోవడం మొగుణ్ణి ప్రేమించడానికి కారణాలు రాయమన్నట్టు ఉంటుంది. మీకు చెప్పదలుచుకున్న జవాబులో సగం ఇదే.

ఇక నోటికి ఎలా అలవాటు చెయ్యాలి? ఆదివారాలు మావాళ్ళు ఊరికి దక్షిణంగా ఉన్న ఒడ్డున అలివి వల లాగేవారు. వలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా విడిచిపెట్టి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చి, అందరూ నేల మీద నిలబడి లాగుతారు. ఒకడు తాళ్ళకి ఎడంగా నిలబడి పిలుస్తాడు. తాడు పట్టినవాళ్ళంతా ఒక్క గొంతుతో జవాబిచ్చి ఒక్క ఊపున లాగుతారు. జవాబు ఇవ్వకుండా ఒక్కడు ఊరుకున్నా పక్కవాడు తిరిగి చూస్తాడు, నోరు కదలని వాడి చెయ్యీ కదలడం లేదని లెక్క. పిలిచేది ఎప్పుడూ పెద్దన్నే. అతని తండ్రి తర్వాత ఆ చోటు అతనిదే. పిలిచేవాడు తాడు ముట్టుకోడు. అది మర్యాద.

తర్వాతి ఆదివారం నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ ఒడ్డుకి వెళ్ళాను. పెద్దన్నకి ఒక్కటే చెప్పాను. "నువ్వు మామూలుగా పిలిచే పిలుపులకి బదులు ఇవాళ పనుల పేర్లు పిలువు. వాళ్ళు నేను చెప్పిన జవాబు చెప్పి లాగుతారు."

అతను ఇసకలో కాళ్ళు ఎడంగా పెట్టి, గాలికి తల పైకెత్తి పిలిచాడు.

"చుక్కానీ..."

"టేక్ ద వీల్!" తాడు ఒక మూర ఒడ్డుకొచ్చింది.

"లోతూ..."

"టేక్ సౌండింగ్స్!"

"గాలీ..."

"టేక్ షెల్టర్!"

తాడు చివర పట్టి వాళ్ళతో పాటు అరిచి, వల వచ్చేసరికి నా గొంతు పోయింది. వాళ్ళకి పాఠం వచ్చేసింది. చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు కూడా టేక్ ద కౌంట్ అంటూ నవ్వుకున్నారు. ఆ ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. నల్లబల్ల దగ్గర అన్నాళ్ళు నిలబడ్డాను గానీ, ఒక మాట మనిషి ఒంట్లోకి దిగడం కళ్ళారా చూసింది ఆ రోజే. పరీక్ష దాకా ప్రతి ఆదివారమూ అదే పని.

దీదీ మాత్రం ఒకసారి వచ్చి చూసి, "బహుత్ అచ్ఛా. లేకిన్ పరీక్షకి తాడు పట్టుకెళ్తారా?" అంది. నేను ముక్కు మీద కోపంతో, "మీ పని మీరు చూసుకోండి దీదీ" అన్నాను. ఆవిడ తన అల్లిక తను చూసుకుంది.

పరీక్ష ఫీనిక్స్ బేలో, జెట్టీ ఎదురుగా ఉన్న ఆఫీసు మేడ మీద. కింద టికెట్ల క్యూ, కూలీల అరుపులు, బోటు కూతలు. పైన ఒక గది, గదికి వరండా వైపు పెద్ద కిటికీ. ఏడుగురూ చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. వదిన గంపతో సహా మెట్ల మీద. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆఫీసరు ఉత్తరాది మనిషి, సన్నగా, ముక్కు సూటిగా కనబడ్డాడు.

ముందు కొత్త పెళ్ళికొడుకుని లోపలికి పిలిచారు. ఆఫీసరు గొంతు కిటికీలోంచి స్పష్టంగా వినబడింది. "పానీ కితనా గెహరా హై, దేఖనా హై. ఆర్డర్ బోలో."

నీళ్ళ లోతు ఎంతో చూడాలట. బెంచీ మీద పెద్దన్న తల దానంతటది పైకి లేచింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆపేలోపు అయిపోయింది.

"లోతూ..."

బెంచీ మీది అయిదుగురూ, గదిలో ఉన్న ఒక్కడూ, ఒకే గొంతుతో "టేక్ సౌండింగ్స్!" అన్నారు. అన్నవాళ్ళు ఊరుకోక వెనక్కి ఒక ఊపు ఊగారు. బెంచీ కదిలి గోడకి కొట్టుకుంది. కింద టికెట్ల క్యూ మొత్తం పైకి చూసింది.

ఆఫీసరు కిటికీలోంచి తల బయట పెట్టి కోప్పడ్డాడు. పెద్దన్న లేచి నిలబడి చేతులు జోడించాడు, అందరినీ నోరు మూసుకోమన్నాడు. ఆఫీసరు లోపలికెళ్ళి, "హవా తేజ్ హై, తూఫాన్ ఆ రహా హై" అన్నాడో లేదో, చేతులు జోడించిన మనిషే మళ్ళీ తలెత్తి "గాలీ..." అన్నాడు. తర్వాత ఏమైందో మీకు చెప్పనక్కరలేదు.

ఆఫీసరు బయటికొచ్చాడు. గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. బయటి నుంచి జవాబులు అందిస్తున్నారు, ఇది కాపీ, ఏడుగురూ ఫెయిల్ అన్నాడు. పెద్దన్న వైపు వేలు చూపించి, వీళ్ళకి లీడరు ఇతనే అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే.

వదిన గంప పక్కన పెట్టి లేచింది. "టీచరమ్మా" అంది. రోజూ సందు అదిరేలా అరిచే మనిషి అంత చిన్న గొంతుతో పిలవడం నేను ఎప్పుడూ వినలేదు. నేను గదిలోకి నడిచాను.

ఆఫీసరు కాగితాలు సర్దుకుంటున్నాడు. నేను ఎవరో చెప్పి, వల సంగతి, పిలుపు సంగతి అంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. విని, "మేడమ్, ఆ పద్ధతి ఒడ్డు మీద బాగుంటుంది. బోటు మీద రాత్రివేళ చుక్కాని దగ్గర ఒక్కడే ఉంటాడు. అప్పుడు వాడికి జవాబు ఎవరు అందిస్తారు?" అన్నాడు.

ఆయన అడిగింది న్యాయం. నేను నేర్పింది కూడా నిజం. రెండూ ఒకే గదిలో ఎలా నిలబడతాయో తెలియక, కూర్చోమని ఆయన అనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అయితే ఒక్కొక్కరినీ విడిగా అడగండి. మిగతావాళ్ళని జెట్టీ చివరికి పంపిస్తాను. వినబడదు. అప్పుడూ రాకపోతే ఫెయిల్ చెయ్యండి, నేనే దగ్గరుండి గోడౌన్‌లో దింపి వస్తాను. అడగందే మాత్రం ఇక్కణ్ణుంచి లేవను."

ఆయన నన్ను చూశాడు, కుర్చీని చూశాడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. చివరికి కాగితాలు మళ్ళీ బల్ల మీద పరిచాడు.

వదిన ఏడుగురినీ జెట్టీ చివరికి తోలుకెళ్ళి, గంప అడ్డం పెట్టి కాపలా కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చారు. ఆఫీసరు హిందీలో పని చెప్పడం, ఆ మనిషి ఒక క్షణం ఆగడం, రెండు చేతులూ గాలిలో తాడు పట్టుకుని జవాబు చెప్పడం. చెప్పాక ఒక అడుగు వెనక్కి లాగడం. మూడో మనిషి గోడ దాకా వెళ్ళిపోయాడు. పెళ్ళికొడుకు డ్యూటీ దగ్గర ఒక్క క్షణం తడబడ్డాడు. క్లైంబ్ అంటాడేమోనని కళ్ళు మూసుకున్నాను. అనలేదు. ఆరుగురూ గట్టెక్కి మళ్ళీ జెట్టీ చివరికే వెళ్ళారు.

ఆఖరున పెద్దన్న వచ్చాడు.

"పానీ కితనా గెహరా హై, దేఖనా హై" అన్నాడు ఆఫీసరు.

"లోతూ..." అన్నాడు పెద్దన్న. అని, ఆగాడు.

మేము చూస్తున్నాం. అతను కూడా మమ్మల్ని చూస్తున్నాడు, జవాబు ఎక్కడి నుంచో రావాలన్నట్టు. అప్పుడు తెలిసింది నాకు. అన్ని ఆదివారాల్లోనూ అతను పిలిచాడే గానీ జవాబు ఒక్కసారీ అనలేదు. పిలిచేవాడు తాడు ముట్టుకోడు కదా. ఆరుగురి నోళ్ళకీ టేక్ అలవాటైంది అతని పిలుపు వల్లే. అతని నోటికి మాత్రం అది ఒక్కసారీ తగల్లేదు. ఎవరి కోసం వదిన నా గుమ్మంలో గంపతో నిలబడిందో, ఆ ఒక్కడికే నేను పాఠం చెప్పలేదు.

"సార్, మీ ప్రశ్న నేను తెలుగులో చెప్పొచ్చా?"

"ప్రశ్న మాత్రమే" అన్నాడు ఆయన.

"లోతు" అన్నాను మామూలు గొంతుతో. పెద్దన్న కదల్లేదు. ప్రశ్న అతనికి తెలుసు, తెలియనిది అవతలి పక్క. నేను కుర్చీలోంచి లేచాను. మా ఒడ్డున ఆడవాళ్ళు చేపలు ఏరతారు, అవసరమైతే తాడు చివర పడతారు. పిలవరు. మా అమ్మ పిలవలేదు, మా నాయనమ్మ పిలవలేదు. నేను కాళ్ళు ఎడంగా పెట్టి, అతను పిలిచినట్టే తలెత్తి, గది దద్దరిల్లేలా పిలిచాను.

"లోతూ..."

పెద్దన్న ఉలిక్కిపడ్డాడు. నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. మెల్లగా రెండు చేతులూ ముందుకు చాచి, కనబడని తాడు పట్టుకున్నాడు. ఎన్నేళ్ళ తర్వాత పట్టుకున్నాడో.

"టేక్... సౌండింగ్స్."

"చుక్కానీ..."

"టేక్ ద వీల్."

అతను ప్రతి ఆదివారమూ వింటున్నవే, ఇప్పుడు తన నోట వినబడుతుంటే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. మూడోది, డ్యూటీ ఎక్కేదీ వచ్చింది. నేను నాలుగోదానికి ఊపిరి పీల్చుకుంటుంటే ఆఫీసరు చెయ్యి ఎత్తాడు.

"చాలు మేడమ్. ఆఖరిది ఆయన ఒక్కడే చెప్పాలి. మీరు బయట నిలబడండి."

బయటికి వెళ్ళాను. ఇందాక ఒక్కడే ఉన్నప్పుడు ఎలా అని ఆయన అడిగిన ప్రశ్న ఇదే, మరిచిపోలేదు. వరండా చివర రెయిలింగు పట్టుకున్నాను. దూరంగా జెట్టీ కొసన వదిన నీలం చీర, ఆరుగురి తెల్ల చొక్కాలు. లోపల తూఫాను వస్తోందన్నాడు ఆఫీసరు. బోటు కూత ఒకటి వచ్చి పోయింది. దేవుడా, ఒక్క మాట, ఒక్క మాట అనిపించు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

"గాలీ..."

పిలిచాడు. గొంతు ఎంత పెద్దదంటే కిటికీ రెక్క కదిలింది. పిలిచి, ఈసారి ఎవరికోసమూ ఆగలేదు. తనే అందుకున్నాడు.

"టేక్ సెల్టర్, సాబ్!"

ఆ మాట ముగిసిందో లేదో, జెట్టీ చివరి నుంచి ఆరు గొంతులు గాలిలో తేలుతూ వచ్చాయి. "టేక్ షెల్టర్!" వాటి వెనకే వదిన తిట్లు. ఆ పిలుపు అంత దూరం వెళ్తుందని నేను లెక్కవెయ్యలేదు.

రెయిలింగు వదిలేసి గదిలోకి పరిగెత్తాను. మళ్ళీ ఫెయిలంటాడని నాకు ఖాయమైపోయింది. ఆఫీసరు కిటికీ దగ్గర నిలబడి జెట్టీ వైపు చూస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఇటు తిరిగితే కళ్ళలో నీళ్ళు, నవ్వి నవ్వి.

"వాళ్ళు ఆలస్యంగా చెప్పారు మేడమ్" అన్నాడు. "ఈయన ముందే చెప్పేశాడు."

కాగితం మీద ఏదో రాసి, పెద్దన్నకి చెయ్యి ఇచ్చాడు. పెద్దన్న ఆ చేతిని కూడా తాడు పట్టుకున్నట్టే రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

వదిన ఆ వారమంతా మా ఇంటికి చేపలు మోసింది. నేను తినలేక దీదీకి పంపితే, ఆవిడ ఆవపెట్టి వండి, "తాడు లేకుండానే అయిందా మరి?" అని గిన్నె తిరిగిచ్చింది. ఆవిడ ముందే చూసింది నేను ఆలస్యంగా చూశాను. మీరు మీ పిల్లలకి ఏ మాటలైనా ఒకళ్ళ పిలుపుకి ఒకళ్ళు జవాబిచ్చేలా నేర్పండి, అది మంచిదే. కానీ పిలిచే పిల్లని, జవాబిచ్చే పిల్లని మారుస్తూ ఉండండి. ఎవరి నోరు దేనికి తగల్లేదో ప్రతి రోజూ చూసుకోండి. జవాబులో మిగతా సగం అది.

తర్వాతి ఆదివారం నేను ఊరికే, చూసి వద్దామని ఒడ్డుకి వెళ్ళాను. వల అప్పటికే నీళ్ళలో ఉంది. తాళ్ళు ఒడ్డుకొచ్చాయి. అందరూ వాటి వెంట వరసగా నిలబడ్డారు, పిలుపు కోసం చూస్తున్నారు. పెద్దన్న తన చోటులో లేడు. వరసలో మధ్యన, కొత్త పెళ్ళికొడుకు వెనక, తాడు పట్టుకుని ఉన్నాడు.

"అదేంటి పెద్దన్నా?"

"ఇయ్యాల నాను ఇక్కడుంటాను" అన్నాడు ఇటు చూడకుండా. "నువ్వు పిలు టీచరమ్మా."

చేపలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇటు తిరిగారు. వదిన గంప నేల మీద పెట్టింది. వరసలో ఇద్దరు ముసలాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు గానీ తాడు వదల్లేదు. నేను వెళ్ళి అతని చోటులో నిలబడి పిలిచాను. గాలి ఎదురుగా ఉంది, నా గొంతు నాకే వినబడలేదు. ఒక్క చెయ్యీ కదల్లేదు.

"గట్టిగా టీచరమ్మా" అన్నాడు పెద్దన్న వరసలోంచి. "ఆఫీసులో పిలిసినట్టు. నేదంటే వల రాదు."

నేను కొంగు నడుముకి బిగించి, కాళ్ళు ఇసకలో పాతుకుని, మళ్ళీ పిలిచాను. తాడు కదిలింది.